డీవీఆర్ తప్పేం లేదు
గుంటూరు పట్నంబజారులో మా బాబాయి కొట్టుకి కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టించాం. బయట నుంచి ఫోన్‌లో చూద్దామంటే రావు. బయటి కనెక్షన్‌ని రౌటర్ నుంచి డీవీఆర్‌కి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ మూడుసార్లు చేశాను. కస్టమర్ కేర్‌లో మాత్రం ఒకటే మాట, "రౌటర్ రీస్టార్ట్ చేయండి సార్".

చివరికి రౌటర్ పేజీ తెరిస్తే వ్యాన్ ఐపీ, అంటే ప్రొవైడర్ మన రౌటర్‌కి ఇచ్చే అడ్రసు, 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు 2012లో సీజీనాట్ కోసమే కేటాయించినవి. సీజీనాట్ అంటే, పాతరకం ఐపీవీ4 అడ్రసులు చాలక ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడం. బయటి నుంచి వచ్చే కనెక్షన్ ప్రొవైడర్ దగ్గరే ఆగిపోతుంది, మన రౌటర్‌లో ఏం తెరిచినా దండగ.

మనకే సొంతంగా ఉండే స్టాటిక్ ఐపీకి నెలనెలా డబ్బు కట్టాలన్నారు. "కెమెరాలు కొన్నాక మళ్లీ అద్దేంట్రా?" అన్నాడు బాబాయి. అదృష్టం, కొట్టు లైనుకీ నా ఫోన్‌కీ ఐపీవీ6 ఉంది, అంటే ఇలా పంచుకోనక్కర్లేని కొత్తరకం అడ్రసులు. కొట్టులో పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లో వైర్‌గార్డ్ (బయట నుంచి కొట్టు నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేరే వీపీఎన్) వేసి, రౌటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో దాని పోర్ట్ యూడీపీ 51820 తెరిచాను. గల్లాపెట్టె మీద నిద్రపోతున్న పిల్లితో సహా అంతా కనపడింది.