ప్రభుత్వ మ్యాప్ వెబ్‌సైట్‌ను వికలాంగులు కూడా వాడుకునేలా చేయడం: నేను పాటించే క్రమం

"మార్కర్, బటన్. మార్కర్, బటన్. మార్కర్, బటన్."

మేము తయారుచేసిన వరద సహాయ కేంద్రాల మ్యాప్‌ను చూపు లేని ఒకామె వాడుతుంటే పక్కన కూర్చున్నప్పుడు నాకు వినిపించింది ఇదే. ఆమె తెర మీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని ట్యాబ్ కీ నొక్కుతూ పోయారు. నొక్కిన ప్రతిసారీ కొత్త పిన్ వస్తోంది, ప్రతి పిన్‌కూ అదే పేరు వినిపిస్తోంది. ముప్పై దాటాక హెడ్‌ఫోన్ తీసి, "వీటిలో మా ఇంటికి దగ్గరగా ఉన్నది ఏదండీ?" అని అడిగారు. నీళ్ళు ఇంట్లోకి వస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్పడానికే ఆ మ్యాప్ పెట్టాం. తెర మీద 214 పిన్లు ఉన్నాయి. ఆమె అడిగిన దానికి మాత్రం జవాబు లేదు.

ఆ తర్వాత ప్రభుత్వ శాఖల మ్యాప్ పని ఏది చేతికొచ్చినా ఒక వరుసలో చేసుకొస్తున్నాను. అది ఇక్కడ రాస్తున్నాను. వెబ్ పేజీలో మ్యాప్ పెట్టడానికి మీరు లీఫ్‌లెట్ అనే కోడ్ సాధనం వాడినా, ఓపెన్‌లేయర్స్ వాడినా ఈ వరుస పనికొస్తుంది.

కోడ్ కంటే ముందు ప్రశ్న

జనం ఏ ప్రశ్నతో ఈ మ్యాప్ దగ్గరికి వస్తారో ముందు కాగితం మీద రాయండి. "నాకు దగ్గరలో ఏది ఉంది?" అన్నది ఒక రకం. "మా వీధి ముంపు ప్రాంతంలో ఉందా?" అన్నది ఇంకో రకం. "ఏ ప్రాంతంలో ఎక్కువ, ఏ ప్రాంతంలో తక్కువ?" అన్నది మూడో రకం. మొదటిదానికి దూరం ప్రకారం పేర్చిన జాబితా కావాలి. రెండోదానికి చిరునామా టైపు చేస్తే ఉందో లేదో చెప్పే పెట్టె చాలు. మూడోదానికి అంకెల పట్టిక, పైన రెండు వాక్యాల సారాంశం ఉండాలి.

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. మ్యాప్‌ను బొమ్మగా తీసుకుని, "ఇది సహాయ కేంద్రాల మ్యాప్" అని బొమ్మకు బదులు చదివి వినిపించే ఒక ప్రత్యామ్నాయ వాక్యం తగిలించి పని అయిపోయిందనుకుంటారు. చూపు లేనివారికి మ్యాప్ ఎలా కనిపిస్తుందో వర్ణించి లాభం లేదు. దాన్ని చూసినవారికి ఏ సంగతి తెలుస్తుందో ఆ సంగతి వీరికీ తెలియాలి.

చట్టం గురించి ఒక మాట. ఐరోపా యూనియన్ 2016లో తెచ్చిన ఆదేశం ప్రభుత్వ వెబ్‌సైట్ల విషయంలో ఆన్‌లైన్ మ్యాప్‌లకు మినహాయింపు ఇచ్చింది. అయితే దారి తెలుసుకోవడానికి పెట్టిన మ్యాప్ అయితే అందులోని ముఖ్య సమాచారాన్ని అందరూ చదవగలిగే రూపంలో ఇవ్వాల్సిందేనని అదే వాక్యంలో ఉంది. సమావేశాల్లో మొదటి సగం అందరికీ గుర్తుంటుంది, రెండో సగం ఎవరూ ఎత్తరు. నేను ఆ రెండో సగాన్నే అచ్చు తీసి బల్ల మీద పెడతాను.

జాబితా మ్యాప్‌కు ముందే రావాలి

జాబితాను "ఇతర రూపాలు" అన్న లింకు వెనక దాచకండి. పేజీలో మ్యాప్ కంటే పైన గానీ, పక్కన గానీ కనబడేలా పెట్టండి. వరసలూ నిలువు గడులూ ఉన్న నిజమైన హెచ్‌టీఎంఎల్ పట్టిక అయి ఉండాలి, శీర్షిక గడులను శీర్షికలుగానే గుర్తించాలి. అప్పుడే స్క్రీన్ రీడర్ గడి గడికీ వెళ్తూ "దూరం, 1.2 కిలోమీటర్లు" అని చదువుతుంది. లేకపోతే వట్టి అంకె వినిపిస్తుంది, అది దేని అంకో వినేవారికి తెలియదు.

వెతికే పెట్టెకు కనబడే లేబుల్ ఉండాలి. పెట్టె లోపల లేత బూడిద రంగులో రాసే సూచన లేబుల్ పని చేయదు, టైపు చేయగానే అది మాయమవుతుంది. జీపీఎస్ అనుమతి ఇవ్వని వారూ ఉంటారు, ఇంట్లోవారి కోసం వెతికేవారూ ఉంటారు కాబట్టి ఊరి పేరుతోనూ వెతకనివ్వండి. ఫలితాలు వచ్చినప్పుడు "12 కేంద్రాలు దొరికాయి" అన్న వాక్యం స్క్రీన్ రీడర్‌కు వినబడాలి. దీనికి ఏరియా లైవ్ ప్రాంతం (aria-live) వాడతాం, అంటే మాట మారగానే స్క్రీన్ రీడర్ చదివి వినిపించే డబ్బా. ఆ వాక్యం వచ్చే డబ్బా పేజీ తెరిచినప్పుడే ఖాళీగా సిద్ధంగా ఉండాలి, తర్వాత దానిలోకి మాట వేయాలి. డబ్బానూ మాటనూ ఒకేసారి పుట్టిస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు మౌనంగా ఉండిపోతాయి. నేను ఒక పూట అంతా దీని దగ్గర పోగొట్టుకున్నాను.

పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో ప్రకటించడం మరవకండి. తెలుగు పేజీని ఇంగ్లీషు అని చెబితే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగు ఊళ్ళ పేర్లు పలకబోయి తడబడుతుంది, కొన్నిసార్లు అసలు పలకదు.

మౌస్ తీసేసి కూర్చోండి

ఇప్పుడు మ్యాప్ దగ్గరికి వద్దాం. జాబితా ఉంది కదా అని మ్యాప్‌ను వదిలేయకూడదు. చేతులు వణికేవారు, మౌస్ పట్టలేనివారు, కీబోర్డుతోనో నోటితో పట్టుకునే కర్రతోనో పని చేసేవారు మ్యాప్‌ను చక్కగా చూడగలరు. వారికి కావలసింది దాన్ని కదిలించే వీలు.

లీఫ్‌లెట్‌లో మ్యాప్ మీదికి ఫోకస్ (కీబోర్డు నొక్కులు ఇప్పుడు దేనికి అందుతాయో ఆ చోటు) వచ్చాక బాణం కీలతో జరపవచ్చు, కూడిక, తీసివేత కీలతో దగ్గరికీ దూరానికీ వెళ్ళవచ్చు. ఓపెన్‌లేయర్స్‌లో మ్యాప్ ఉన్న డబ్బాకు, ట్యాబ్ కీతో అక్కడికి చేరనిచ్చే ట్యాబ్‌ఇండెక్స్ అనే కోడ్ మాట ఇస్తేనే కీబోర్డు పని చేస్తుంది. ఆ ఒక్క మాట మరిచిపోయిన సైట్లు చాలా చూశాను. ఫోకస్ ఎక్కడుందో కంటికి తెలిసేలా ముదురు గీత తప్పనిసరి. అందం కోసం దాన్ని తీసేయమని డిజైనర్లు అడుగుతారు. ఒప్పుకోకండి.

ఇక ఆ "మార్కర్, బటన్" సంగతి. లీఫ్‌లెట్ కొత్త వెర్షన్లలో పిన్‌కు మనం పేరు ఇవ్వకపోతే అది తనంతట తానే "మార్కర్" అన్న పేరు పెట్టుకుంటుంది. ప్రతి పిన్ తయారుచేసేటప్పుడు ఆల్ట్ (స్క్రీన్ రీడర్ చదివే పేరు) దగ్గర ఆ కేంద్రం పేరు ఇస్తే చాలు. మార్చాల్సింది ఒకే వరుస. అయినా 214 పిన్లకూ పేర్లు పెట్టడంతో పని అవలేదు, ఎందుకంటే 214 సార్లు ట్యాబ్ నొక్కితే గానీ పేజీ కింది భాగం చేరలేరు. అందుకే రెండు పనులు చేశాం. మ్యాప్‌కు ముందు "మ్యాప్‌ను దాటి వెళ్ళండి" అన్న లింకు పెట్టాం. జాబితాలో ఉన్న పిన్లను ట్యాబ్ వరుస నుంచి తీసేసి, జాబితాలోని పేరు దగ్గర ఎంటర్ నొక్కితే మ్యాప్ ఆ పిన్ దగ్గరికి వెళ్ళేలా చేశాం.

పిన్ మీద పాపప్ తెరుచుకున్నప్పుడు ఫోకస్ అందులోకి వెళ్ళాలి, ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి, ఫోకస్ తిరిగి బయలుదేరిన చోటికే రావాలి. మూడోది చాలామంది మరిచిపోతారు. అప్పుడు ఫోకస్ పేజీ మొదటికి ఎగిరిపోతుంది, కీబోర్డు మీద ఆధారపడినవారు మళ్ళీ మొదటి నుంచి నడుచుకుంటూ రావాలి.

వెబ్ సౌలభ్యానికి, అంటే వికలాంగులు కూడా వెబ్‌సైట్‌ను వాడుకోగలగడానికి, ప్రమాణంగా తీసుకునే డబ్ల్యూసీఏజీ 2.2 2023 అక్టోబరులో వచ్చింది. అందులో కొత్తగా చేరిన ఒక నియమం నేరుగా మ్యాప్‌ల కోసమే రాసినట్టు ఉంటుంది. పట్టి లాగి చేసే ఏ పనినైనా లాగకుండా ఒక్క తాకుతోనే చేయగలగాలి. అంటే మ్యాప్‌ను జరపడానికి నాలుగు దిక్కులకూ బాణం బటన్లు ఉండాలి. రెండు వేళ్ళతో చేసే జూమ్‌కూ అంతే, బటన్లు ఉండాలి. బటన్ కనీస కొలత 24 సీఎస్‌ఎస్ పిక్సెళ్ళు (వెబ్ పేజీలో కొలతకు వాడే యూనిట్లు) అని ప్రమాణం చెబుతుంది. నేను 44 పెడతాను, వణికే చేతికి 24 చాలదు.

రంగు ఒక్కటే మాట్లాడకూడదు

మా బృందంలోనే ఒకాయనకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ముంపు ప్రాంతాల మ్యాప్‌లో ఆయన తన సొంత వీధిని వెతికి, "మాది సురక్షితమే" అన్నారు. అది ఎరుపులో ఉంది. మేము పక్కన ఉన్నాం కాబట్టి చెప్పగలిగాం. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో సుమారు 8 శాతం మందికి ఇలాంటి ఇబ్బంది ఉంది. ప్రమాదం చెప్పే మ్యాప్‌లో ఈ పొరపాటు జరగకూడదు.

ముంపు ఎక్కువున్న చోట దట్టమైన ఏటవాలు గీతలు, మధ్యస్థంగా ఉన్నచోట చుక్కలు, మిగతాది ఖాళీగా ఉంచాం. ప్రాంతం మీద "ఎక్కువ", "మధ్యస్థం" అని రాశాం. రంగులు ఎంచుకోవడానికి కలర్‌బ్రూవర్ అనే ఉచిత సాధనం ఉంది, రంగులు గుర్తించలేనివారికి కూడా తేడా తెలిసే వరసలను విడిగా చూపిస్తుంది. ఎంచుకున్నాక పేజీని నలుపు తెలుపులో అచ్చు తీయండి. కాగితం మీద తేడా తెలిస్తే దాదాపు గట్టెక్కినట్టే. పిన్లు, సరిహద్దు గీతలు పక్క రంగుతో వెలుగు తేడాలో కనీసం 3:1 నిష్పత్తిలో, మామూలు అక్షరాలు 4.5:1 నిష్పత్తిలో తేలాలి. వెనక ఉండే మూల పటాన్ని లేత బూడిదలోకి మారిస్తే ఈ నిష్పత్తులు సులువుగా కుదురుతాయి.

పిన్ నొక్కగానే మ్యాప్ గాలిలో ఎగిరి వెళ్ళినట్టు కదిలే దృశ్యం కొందరికి తల తిప్పుతుంది, వాంతి తెప్పిస్తుంది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కదలికలు తగ్గించమని వారు పెట్టుకున్న అమరికను బ్రౌజర్ మనకు తెలియజేస్తుంది. అది ఉంటే నేరుగా అక్కడికి దూకించండి.

పేజీని 400 శాతం పెంచి చూడండి. మ్యాప్‌కు రెండు వైపులా జరపాల్సి రావడం ప్రమాణం ప్రకారం తప్పు కాదు. వెతికే పెట్టె, జాబితా, వివరాల పలక మాత్రం అడ్డంగా జరపకుండానే చదవగలగాలి. చాలా సైట్లలో ఆ పలకే మ్యాప్ మొత్తాన్ని కప్పేస్తుంది, మూసే బటన్ తెర బయట ఉండిపోతుంది.

పరీక్ష

పేజీలోని లోపాలను తమంతట తామే వెతికే యాక్స్ లాంటి సాధనాలు లేబుల్ లేని పెట్టెనూ చాలని రంగునూ పట్టిస్తాయి, వాటిని తప్పక నడపండి. కానీ 214 పిన్లకూ "మార్కర్" అన్న పేరుంటే అవి ఏమీ అనవు, పేరంటూ ఉంది కదా. అందుకే మనుషులు కావాలి. స్క్రీన్ రీడర్ రోజూ వాడేవారిని, కీబోర్డు మాత్రమే వాడేవారిని పిలిచి, వారి సమయానికి డబ్బు చెల్లించి, "మీ ఇంటికి దగ్గరి కేంద్రం కనుక్కోండి" అని ఒక్క పని ఇవ్వండి. మధ్యలో సాయం చేయకండి. మొదట ఎక్కడ ఆగారో రాసుకోండి, దిద్దాల్సినవాటిలో మొదటిది అదే.

సౌలభ్య ప్రకటన పేజీలో ఇంకా ఏది పని చేయడం లేదో దాచకుండా రాయండి. ఎవరికి చెప్పాలో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో కూడా ఉండాలి.

చివరగా సమాచారం. కేంద్రానికి ర్యాంపు ఉందా, ఎన్ని మెట్లు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉందా అన్న గడులు మా పట్టికలో మొదట లేవు. చేర్చాక 60 కేంద్రాల నుంచే వివరాలు వచ్చాయి. మిగతా గడులను ఖాళీగా వదలకుండా "వివరం ఇంకా రాలేదు" అని రాశాం, ఎందుకంటే ఖాళీ గడిని చాలామంది "లేదు" అని అర్థం చేసుకుంటారు. ఆ పక్క గడిలోనే ఆ కేంద్రం ఫోను నంబరు ఇచ్చాం, బయలుదేరే ముందే అడిగి తెలుసుకునేలా.