అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ చట్టం చదవడం ఎలా? – 3వ భాగం: ఏ పని ఎవరిది?

జబ్బో దెబ్బో తగిలాక స్నానం, తిండి, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసే చికిత్సే ఆక్యుపేషనల్ థెరపీ. ఇందులో చికిత్స ప్లాన్ వేసేది థెరపిస్ట్, ఆమె కింద లైసెన్సున్న అసిస్టెంట్ పనిచేస్తుంది. పోయిన భాగం చివర ఒక చిక్కుముడి ఇచ్చాను. సోమవారం ఉదయం, క్లినిక్ కిటకిటలాడుతోంది. పక్షవాతం వచ్చిన కొత్త పేషెంట్ ఎదురు చూస్తోంది. థెరపిస్ట్‌కి ఊపిరాడడం లేదు. "నువ్వు మొదలుపెట్టెయ్, ఎవాల్యుయేషన్ ఫారం నింపు, సాయంత్రం నేను సంతకం పెట్టేస్తాను" అని అసిస్టెంట్‌తో అంది. అసిస్టెంట్‌కి 12 ఏళ్ల అనుభవం ఉంది. ఆమె ఆ ఫారం నింపొచ్చా?

కూడదు అనే మీలో చాలామంది రాసుకుని ఉంటారు. జవాబు సరే, కారణం ఏం రాశారో చూసుకోండి. "అనుభవం చాలదు" అని రాసుంటే తప్పు. 12 కాదు, 30 ఏళ్ల అనుభవం ఉన్నా ఇదే జవాబు. పేషెంట్‌ని మొదటిసారి అంచనా వేసి, ఏం చేయాలో తేల్చే బాధ్యత చట్టం థెరపిస్ట్ మీద పెట్టింది. సాయంత్రం పెట్టిన సంతకం ఉదయం జరిగినదాన్ని సరిచేయదు. అది థెరపిస్ట్ చేసిన ఎవాల్యుయేషన్ అని చెప్పుకోవడం అబద్ధపు రికార్డు అవుతుంది. అప్పుడు ఇద్దరి లైసెన్సులూ చిక్కుల్లో పడతాయి.

అలాగని అసిస్టెంట్ చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. థెరపిస్ట్ చెబితే డైనమోమీటర్‌తో పేషెంట్ పిడికిలి బలం కొలవొచ్చు. ఇంట్లో ఎన్ని మెట్లున్నాయి, స్నానానికి ఎవరు సాయం చేస్తున్నారు, ఏ చేత్తో అన్నం తింటుంది అని అడిగి రాసుకోవచ్చు. ఈ సమాచారమంతా ఎవాల్యుయేషన్‌లోకి వెళ్తుంది. కానీ "కుడిచేతి బలం ఇంత తగ్గింది కాబట్టి లక్ష్యం ఇది, వారానికి ఇన్నిసార్లు రావాలి" అని తేల్చేది మాత్రం థెరపిస్టే.

క్రియ కింద గీత గీయండి

ఈ భాగంలో నేర్చుకోవాల్సిన పని ఒక్కటే. చట్టంలో గానీ, ఉద్యోగ వివరాల్లో గానీ ఏ వాక్యం కనబడినా దాంట్లో క్రియ కింద గీత గీయండి. కొలవడం, అడగడం, గమనించడం, నేర్పించడం, రాసిపెట్టడం ఒక కుప్ప. తేల్చడం, లక్ష్యం పెట్టడం, ప్లాన్ మార్చడం, డిశ్చార్జి నిర్ణయించడం ఇంకో కుప్ప. మొదటి కుప్ప ఇద్దరూ పంచుకోవచ్చు. రెండోది థెరపిస్ట్‌ది. అందులో అసిస్టెంట్ అభిప్రాయం చెప్పొచ్చు, చెప్పాలి కూడా. ఆఖరి మాట మాత్రం ఆమెది కాదు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "భుజం థెరపిస్ట్‌ది, వేళ్లు అసిస్టెంట్‌వి" అన్నట్టు పనిని శరీర భాగాలవారీగానో, పరికరాలవారీగానో పంచుకుంటారు. చట్టం అలా పంచదు. ఒకే పనిలో సగం ఒకరిది, సగం ఇంకొకరిది కావచ్చు.

ఒక కేసు తీసుకుందాం. 72 ఏళ్ల పెద్దావిడ. ప్లాన్‌లో "నాలుగు వారాల్లో ఎవరి సాయం లేకుండా జాకెట్టు వేసుకోవాలి" అని లక్ష్యం ఉంది. అసిస్టెంట్ మంగళవారం బొత్తాలు పెట్టడం నేర్పిస్తోంది. పెద్దావిడకి చిన్న బొత్తాలు పట్టు దొరకడం లేదు. అసిస్టెంట్ పెద్ద బొత్తాలున్న చొక్కా తెచ్చి దాంతో సాధన చేయించింది. ఇది సరైన పనే. లక్ష్యం మారలేదు, అక్కడికి చేరే మెట్టు ఎత్తు కాస్త తగ్గింది. సాధనను పేషెంట్‌కి తగ్గట్టు సులువుగానో కష్టంగానో మలచడం అసిస్టెంట్ చదువులో భాగం.

గురువారం వచ్చేసరికి పెద్దావిడ రెండు నిమిషాల్లో జాకెట్టు వేసేసుకుంది. అసిస్టెంట్‌కి సంతోషమేసి "ఇక వంటపని లక్ష్యంగా పెట్టుకుందాం" అని నోట్‌లో రాసేసింది. ఇది తప్పు. పాత లక్ష్యం అందిందని రాయొచ్చు, వంటపని గురించి థెరపిస్ట్‌తో మాట్లాడొచ్చు, కానీ కొత్త లక్ష్యం తన చేతుల మీదుగా పుట్టకూడదు.

శుక్రవారం చేయి ఎత్తుతుంటే భుజంలో కొత్తగా నొప్పి వచ్చింది. అసిస్టెంట్ వెంటనే ఆ వ్యాయామం ఆపాలి, థెరపిస్ట్‌కి చెప్పాలి, రాసిపెట్టాలి. ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే ఆ నొప్పి ఎందుకొచ్చింది, ప్లాన్‌లో ఏం మార్చాలి అనేవి తిరిగి థెరపిస్ట్ దగ్గరికే వెళ్తాయి. ఒకే పేషెంట్, ఒకే వారం, మూడు రోజులకి మూడు జవాబులు. క్రియ కింద గీత గీస్తే మూడూ వాటంతటవే విడిపోతాయి.

ఇక్కడే ఇంకో మాట తెలుసుకోండి: సర్వీస్ కాంపిటెన్సీ. ఒక పరీక్షనో పనినో థెరపిస్టూ అసిస్టెంటూ విడివిడిగా చేసినా ఫలితం ఒకేలా రావాలని దీని అర్థం. పిడికిలి బలం ఇద్దరూ కొలిస్తే అంకెలు దగ్గరగా ఉండాలి. అది చూసుకున్నాకే ఆ కొలత అసిస్టెంట్‌కి అప్పగించాలి. చాలాచోట్ల దీన్ని ఎవరూ పట్టించుకోరు. లైసెన్సుల వ్యవహారం చూసే రాష్ట్ర బోర్డు విచారణ వచ్చినప్పుడు మాత్రం "ఈమెకి ఈ పని వచ్చని మీకెలా తెలుసు?" అన్న ప్రశ్న దగ్గర నోళ్లు మూతపడతాయి.

ఎక్కడ వెతకాలి?

అమెరికా అంతటికీ కలిపి ఒకే ఆక్యుపేషనల్ థెరపీ చట్టం లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. ఒక్కో రాష్ట్రంలోనూ చదవాల్సినవి రెండు: శాసనసభ చేసిన చట్టం, దాని కింద బోర్డు రాసిన నియమాలు. ఎవరు ఏమిటి అన్నది చట్టంలో ఉంటుంది. ఎన్నిసార్లు కలవాలి, ఏం రాసిపెట్టాలి, ఒక థెరపిస్ట్ కింద ఎంతమంది ఉండొచ్చు లాంటి వివరాలు ఎక్కువగా నియమాల్లో ఉంటాయి. చట్టం మాత్రం చదివి నియమాలు వదిలేస్తే సగం చదివినట్టే.

కాలిఫోర్నియాలో చట్టం బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లో 2570 నుంచి మొదలవుతుంది. నియమాలు వేరే చోట, టైటిల్ 16, డివిజన్ 39లో ఉంటాయి. టెక్సస్‌లో ఆక్యుపేషన్స్ కోడ్ 454వ అధ్యాయం. ఫ్లోరిడాలో 468వ అధ్యాయం, మూడో భాగం. న్యూయార్క్ దగ్గర తికమక పడతారు. ఆరోగ్య చట్టాల్లో ఎంత వెతికినా దొరకదు. అక్కడ లైసెన్సులు ఇచ్చేది విద్యాశాఖ, అందుకని అది ఎడ్యుకేషన్ లాలో 156వ ఆర్టికల్‌గా ఉంది. నేను మొదటిసారి వెతికినప్పుడు ఒక సాయంత్రమంతా ఆరోగ్యశాఖ పేజీలు తిరగేశాను.

దొరికాక మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. ముందు నిర్వచనాలు చదవండి. థెరపిస్ట్, అసిస్టెంట్, ఎయిడ్, సూపర్విజన్ అనే నాలుగు మాటలకి ఆ రాష్ట్రం ఏ అర్థం ఇచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత సూపర్విజన్ నియమాలు. కాలిఫోర్నియా నియమం ఇందుకు మంచి నమూనా. థెరపిస్ట్ వారానికోసారి ప్లాన్‌నీ, దాని అమలునీ అసిస్టెంట్‌తో కలిసి సమీక్షించాలి. ఫోన్లో అయినా పరవాలేదు. అప్పుడప్పుడూ పని జరిగే చోటికి వెళ్లి స్వయంగా చూడాలి. ఇదంతా జరిగినట్టు రాతపూర్వకంగా ఉండాలి. అదే కాలిఫోర్నియాలో హ్యాండ్ థెరపీ, ఫిజికల్ ఏజెంట్ మోడాలిటీలు (వేడి, చల్లదనం, కరెంటు లాంటివాటితో చేసే చికిత్సలు), మింగడంలో ఇబ్బందికి సంబంధించిన పని చేయాలంటే థెరపిస్ట్‌కి కూడా మామూలు లైసెన్సు ఒక్కటే చాలదు, బోర్డు విడిగా ఆమోదించాలి. కాబట్టి "థెరపిస్ట్ ఏమైనా చేయొచ్చు" అనే మాట కూడా నిజం కాదు.

ఎయిడ్ సంగతి

ఎయిడ్ అంటే లైసెన్సు లేని సహాయకురాలు. పరికరాలు సిద్ధం చేయడం, తుడవడం, పేషెంట్‌ని గది నుంచి గదికి తీసుకెళ్లడం ఆమె పనులు. పేషెంట్‌తో చేయించే పని ఏదైనా ఆమెకి అప్పగించాలంటే నాలుగు విషయాలు చూడాలని వృత్తి మార్గదర్శకాలు చెబుతాయి. ఫలితం ముందే ఊహించగలిగేలా ఉండాలి. పేషెంట్ పరిస్థితి నిలకడగా ఉండి, ఎయిడ్ అప్పటికప్పుడు ఆలోచించి మార్చాల్సిన అవసరం రాకూడదు. పేషెంట్ ఆ పని ఇదివరకే కొంత చేయగలిగి ఉండాలి. చేసే పద్ధతి స్పష్టంగా ఉండాలి.

మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ చదివి, ఎన్‌బీసీవోటీ పరీక్ష (అమెరికాలో లైసెన్సుకి ముందు రాయాల్సిన జాతీయ పరీక్ష) కోసం ఎదురుచూస్తూ ఎయిడ్‌గా చేరేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి. నేనూ అలాగే చేరాను. ఒకరోజు ఒక పేషెంట్ నడుముపట్టీ ఎలా కట్టుకోవాలని అడిగితే, తెలిసిన విషయమే కదా అని పది నిమిషాలు నేర్పించి, నోట్‌లో రాసి, పేరు పక్కన "ఓటీ" (ఆక్యుపేషనల్ థెరపిస్ట్) అని పెట్టాను. నా పై థెరపిస్ట్ నన్ను పక్కకి పిలిచి, "నీకు తెలుసని నాకు తెలుసమ్మా, రాష్ట్రానికి తెలియదు" అంది. లైసెన్సు రాకుండా ఆ హోదా రాసుకోవడం ఒక తప్పు, నైపుణ్యం కావాల్సిన పని చేయడం ఇంకో తప్పు. చదువు ఎంతుందని చట్టం అడగదు, లైసెన్సు ఉందా అనే అడుగుతుంది.

చేయొచ్చు వేరు, డబ్బు రావడం వేరు

రాష్ట్ర చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) డబ్బు ఇస్తుందని కాదు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు, విడివిడిగా అడగాలి. ఎయిడ్ చేసిన పనికి, పక్కన థెరపిస్ట్ ఉన్నా సరే, మెడికేర్ పార్ట్ బి (ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే వైద్యానికి డబ్బు ఇచ్చే భాగం) థెరపీ కింద డబ్బు ఇవ్వదు. అసిస్టెంట్ చేసిన పనికి ఇస్తుంది, కానీ 2022 జనవరి 1 నుంచి మామూలుగా ఇచ్చేదాంట్లో 85 శాతమే. అలాంటి బిల్లుకి "సీవో" అనే గుర్తు తగిలించాలి. ప్రతి 10 చికిత్సా రోజుల్లో కనీసం ఒకసారి రావాల్సిన ప్రోగ్రెస్ రిపోర్ట్‌కి బాధ్యత థెరపిస్ట్‌దే. అసిస్టెంట్ రోజువారీ నోట్ ఎంత బాగా రాసినా అది దాని బదులు చెల్లదు.

లెక్క ఒకటి చేసి చూద్దాం. ఒకే రకం థెరపీ 30 నిమిషాలు జరిగింది. థెరపిస్ట్ 20 నిమిషాలు, అసిస్టెంట్ ఒక్కతే 10 నిమిషాలు. 15 నిమిషాలకి ఒక యూనిట్ కాబట్టి రెండు యూనిట్లు. థెరపిస్ట్ నిమిషాల్లోంచి 15 తీస్తే మొదటి యూనిట్ నిండింది, దానికి గుర్తు అక్కర్లేదు. మిగిలింది థెరపిస్ట్‌వి 5, అసిస్టెంట్‌వి 10. రెండో యూనిట్‌లో థెరపిస్ట్ వాటా 8 నిమిషాలకి, అంటే యూనిట్‌లో సగం పైకి, చేరలేదు కాబట్టి దానికి సీవో పడుతుంది. ఇద్దరూ కలిసి ఒకే సమయంలో ఒకే పేషెంట్‌తో పనిచేస్తే, ఆ నిమిషాలు థెరపిస్ట్ ఖాతాలోకే వెళ్తాయి.

సూపర్విజన్ మాట దగ్గరా జాగ్రత్త. మెడికేర్ భాషలో "జనరల్" అంటే థెరపిస్ట్ ఆ భవనంలో లేకపోయినా ఫోన్‌కి అందాలి. "డైరెక్ట్" అంటే మామూలుగా అదే ఆఫీసు ఆవరణలో ఉండాలి, గదిలోనే ఉండనక్కర్లేదు. "పర్సనల్" అంటే గదిలోనే ఉండాలి. ప్రైవేట్ ప్రాక్టీసులో అసిస్టెంట్‌కి డైరెక్ట్ సూపర్విజన్ కావాలనే నియమం చాలాకాలం నడిచింది, 2025 జనవరి 1 నుంచి జనరల్ చాలన్నారు. కానీ మీ రాష్ట్రం అంతకంటే కఠినంగా అడిగితే రాష్ట్రం మాటే వినాలి. ఇవే పదాలకి రాష్ట్రాల నియమాల్లో వేరే అర్థాలు కూడా ఉండొచ్చు. నిర్వచనాల కాగితం పక్కనే పెట్టుకోమన్నది ఇందుకే.

ఇంటిపని

మీరు ఉన్న రాష్ట్రమో, వెళ్లాలనుకుంటున్న రాష్ట్రమో ఒకటి ఎంచుకోండి. నాలుగు నిర్వచనాలు, సూపర్విజన్ నియమం కాగితం మీదికి ఎక్కించండి. ఆ తర్వాత ఈ ప్రశ్న.

ఇంటికి వెళ్లి చికిత్స చేసే అసిస్టెంట్‌కి పేషెంట్ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ బాగా కోలుకుంది, ఇక రావక్కర్లేదు" అంది. అసిస్టెంట్ వెళ్లి చూసింది, నిజమే, పెద్దావిడ అన్నీ చేసుకుంటోంది. ఆరోజే "లక్ష్యాలు అందాయి, డిశ్చార్జి చేశాం" అని రాసి కేసు మూసేసింది. థెరపిస్ట్ మర్నాడు చూసి, అంతా బాగానే ఉంది కదా అని ఊరుకుంది. ఏ క్రియ దగ్గర గీత దాటింది? దాటింది ఎవరు, ఒక్కరా, ఇద్దరా? జవాబు మీ రాష్ట్ర నియమం సంఖ్యతో సహా రాసుకోండి. నాలుగో భాగం అక్కడి నుంచే మొదలుపెడదాం.