సైటేషన్ లింకులు తప్పుతుంటే: సరిహద్దు కోర్టుల వకీళ్లకు సమస్య - పరిష్కారం

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కోర్టుల్లో పనిచేసే మన తెలుగు వకీళ్లు, గుమస్తాల కోసం ఇది రాస్తున్నాను. వాదన నోట్సులోని సైటేషన్లకు (పాత తీర్పు ఎక్కడ అచ్చయిందో చెప్పే గుర్తులకు) లింకులు పెట్టే సాఫ్ట్‌వేర్ తీర్పును అర్థం చేసుకోదు. సంవత్సరం, రిపోర్టరు (తీర్పులు అచ్చువేసే పత్రిక) పొట్టిపేరు, పేజీ వరుసగా కనబడితే సైటేషన్ అనుకుంటుంది. లింకు పడకపోతే మనం చేత్తో వెతుక్కుంటాం. తప్పు లింకు పడితే ఎవరి కంటా పడకుండా ఫైలు కోర్టుకు వెళ్లిపోతుంది. అసలు టెన్షన్ ఈ రెండోదానితోనే.

ఒక్క లింకూ పడలేదు

పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ రాకపోతే అది ఉత్త స్కాన్ బొమ్మ, ముందు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయించాలి. పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తే పాత డీటీపీ ఫాంటు, యూనికోడ్‌లోకి మార్చాలి. అంకెలు ఒడియాలో ఉంటే, ఇంగ్లిష్ అంకెలకే రాసిన రూలు (సాఫ్ట్‌వేర్ సైటేషన్‌ను గుర్తుపట్టే సూత్రం) వాటిని పట్టుకోదు. ఒక కాపీలో అంకెలు మార్చి మళ్లీ నడపండి.

కొన్నిటికి పడి కొన్నిటికి పడలేదు

కేశవానంద భారతి తీర్పు సంగతే చూడండి. 'ఏఐఆర్ 1973 ఎస్సీ' (ఆల్ ఇండియా రిపోర్టర్, సుప్రీంకోర్టు విభాగం) ఒక లైనులో, '1461' కింది లైనులో పడితే రూలు తెగిపోతుంది. లైన్లు కలిపి, అదనపు ఖాళీలు తీసేస్తే చాలు. 2023లో సుప్రీంకోర్టు తెచ్చిన న్యూట్రల్ సైటేషన్లు (ఏ రిపోర్టరుతోనూ సంబంధం లేకుండా కోర్టే ఇచ్చే నంబర్లు) మాత్రమే వదిలేస్తుంటే, రిపోర్టర్ల జాబితా అప్‌డేట్ కాలేదన్నమాట.

సెక్షన్ వేరే చట్టానికి లింకైంది

ఇది ప్రమాదకరం. 'సెక్షన్ 482' అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్పీసీలో హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో అదే నంబరు ముందస్తు బెయిలు. 302 పాత శిక్షాస్మృతి ఐపీసీలో హత్య, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో మతభావాలను నొప్పించే మాటలు. హత్య ఇప్పుడు 103. చట్టం పేరు పక్కన లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకు అలవాటైన చట్టానికే కట్టేస్తుంది.

పిటిషన్ తేదీ చూసి చట్టం తేల్చేలా సెట్ చేయకండి. నేరం ఆ జూలై 1కి ముందు జరిగితే పిటిషన్ ఎప్పుడు వేసినా నేరానికి ఐపీసీయే. 'సదరు సెక్షన్' అని వదిలేయకుండా ప్రతిసారీ చట్టం పేరు రాయండి. అదే వాక్యంలో చట్టం పేరు లేకపోతే లింకు పెట్టకుండా, పసుపు రంగు వేసి మనకు వదిలేసేలా రూలు మార్చుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చేయాల్సిన మార్పు ఇదే.

భూమి కేసుల్లో లింకులు గందరగోళం

'ఓఎల్ఆర్' అంటే ఒరిస్సా లా రివ్యూస్ అనే రిపోర్టరూ అవుతుంది, 1960 నాటి భూసంస్కరణల చట్టమూ అవుతుంది. 'ఓఎల్ఆర్ 22' అంటే మనకు గిరిజనుల భూమి అమ్మకంపై ఆంక్షల సెక్షన్, సాఫ్ట్‌వేర్‌కు 22వ పేజీ. ముందు 'సెక్షన్' ఉంటే చట్టం, సంవత్సరం ఉంటే రిపోర్టరు అని రెండు రూళ్లు విడిగా పెట్టండి.

రాయగడ షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి బదిలీకి నడిచేది 1956 నాటి 2వ రెగ్యులేషన్. సరిహద్దు దాటి పార్వతీపురం వైపు వెళ్తే ఏజెన్సీలో అందరి నోటా వినబడేది '1/70', అంటే ఆంధ్రలో గిరిజన ప్రాంతాల భూమి బదిలీపై 1970 నాటి 1వ రెగ్యులేషన్. ఆంధ్ర నుంచి వచ్చిన కక్షిదారు కాగితాల్లో ఆ '1/70'ని సాఫ్ట్‌వేర్ కేసు నంబరు అనుకుంటుంది. ఇలాంటి వాడుక పేర్లకు చిన్న పట్టిక తయారుచేసి, ఒక్కో పేరుకు ఎదురుగా అసలు రెగ్యులేషన్ పేరు, రాష్ట్రం రాసి ఎక్కించండి. షెడ్యూల్డ్ ప్రాంతాల భూములపై సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు 'ఏఐఆర్ 1997 ఎస్సీ 3297', '(1997) 8 ఎస్‌సీసీ 191' (సుప్రీంకోర్ట్ కేసెస్ అనే మరో రిపోర్టరు) అని రెండు తీర్పులుగా కనబడుతుంటే, ఆ జతనూ పట్టికలోనే కలపాలి.

పాత మద్రాస్ తీర్పులు దొరకవు

1936 ఏప్రిల్ 1 దాకా గంజాం, జయపురం ప్రాంతాలు మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేవి. తర్వాత పట్నా హైకోర్టు, 1948 జూలై 26 నుంచి ఒరిస్సా హైకోర్టు. జమీందారీ కాలపు హక్కుల కేసులో ఈ మూడింటి తీర్పులూ వస్తాయి. వెతికే కోర్టుల జాబితాలో ఒరిస్సా ఒక్కటే టిక్ చేసి ఉంటే మిగతావి రావు. పైగా 'ఐఎల్ఆర్ 4 మద్రాస్ 137' (ఇండియన్ లా రిపోర్ట్స్, మద్రాస్) లాంటి వాటిలో ముందు వచ్చేది సంవత్సరం కాదు, సంపుటి. ఆ వరుసకు వేరే రూలు కావాలి. సంపుటి రోమన్ అంకెల్లో ఉంటే లింకు నడిపే ముందే మామూలు అంకెల్లోకి మార్చుకోండి.