మంగు మచ్చలు తగ్గించుకున్న తీరు

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల గట్ల మీద ఆరేళ్లు ఎండలో తిరిగాక రెండు బుగ్గల మీదా మంగు పరుచుకుంది. ఎవరో చెబితే తెల్లబరిచే క్రీము నాలుగు నెలలు రాశాను. అందులో స్టెరాయిడ్ ఉందట. చర్మం పల్చబడి మంట మొదలైంది. డాక్టరుగారు ముందు అది మాన్పించి, చర్మం కుదుటపడ్డాకే పీల్ (యాసిడ్ రాసి చర్మం పైపొరను పొట్టులా ఊడేలా చేసే చికిత్స) చేశారు.

మొదటిసారి 20 శాతం గ్లైకోలిక్ యాసిడ్. దూదితో ముఖమంతా రాసి, గడియారం చూస్తూ రెండు నిమిషాలకు వంటసోడా ద్రావణంతో తుడిచేశారు. చీమలు పాకినట్టు చురుక్కుమంది, అంతే. మూడు రోజులు సన్నగా పొట్టు లేచింది. దాన్ని మాత్రం గిల్లకండి! మన చామనఛాయ చర్మానికి గిల్లిన చోటే కొత్త మచ్చ పడుతుంది.

మూడు వారాలకొకటి చొప్పున ఐదు చేయించుకున్నాను. సగానికి పైగా తగ్గింది. అందులో సన్‌స్క్రీన్ పాత్ర చాలా ఉందని నా నమ్మకం. చెరువు నీటి మీది వెలుతురు కింది నుంచి ముఖాన కొడుతుంది, తలగుడ్డ ఒక్కటే చాలదు. మంగు మళ్లీ రావచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. అందుకే ఇప్పటికీ మబ్బు రోజైనా సరే, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాసుకున్నాకే మేత వేయడానికి వెళ్తున్నాను.