వైన్ చేసేవాళ్ళకు కొత్త పని నేర్పాలంటే ముందు మనిషి తీరు చూడండి

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల తెలుగువాళ్ళను పెట్టుకుని వైన్ సెల్లార్ నడిపేవాళ్ళ కోసం ఈ సూచనలు. మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష వైన్ విధానం తెచ్చింది 2001లో. అంటే ఇక్కడ ఇది తాతలనాటి విద్య కాదు, అందరూ కొత్తగా నేర్చుకున్నదే. అయినా ఒకే పాఠం విన్న నలుగురిలో ఒకరు మరునాడే పద్ధతి మారుస్తారు, ఇంకొకరు మూడు సీజన్లైనా కదలరు. చాలాసార్లు తేడా తెలివిలో ఉండదు, స్వభావంలో ఉంటుంది.

స్వభావం తెలియడానికి ఒక ప్రశ్న అడిగితే చాలావరకు సరిపోతుంది: "పోయినేడు చెడిన ట్యాంకు ఎందుకు చెడింది?" నలుగురిలో కాదు, ఒక్కొక్కరినీ విడిగా అడగండి. "పండే బాగలేదు" అన్నవాడు తన చేతిని బాగా నమ్మినవాడు. "ఏమో సార్, మేస్త్రి చెప్పినట్టే చేసిన" అన్నవాడు భయస్థుడు. "ఈస్ట్ మార్చి చూసిన, చల్లదనం తగ్గించిన, ఇంకోటి కూడా వేసిన" అన్నవాడు ఉత్సాహి. మాట్లాడకుండా రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టినవాడు దొరికితే మీ అదృష్టం. అతనికి కారణం చెప్పి వదిలేయండి, మిగతాది అతనే చూసుకుంటాడు.

చేతిని నమ్ముకున్న పెద్ద మేస్త్రితో వాదన పెట్టుకోకండి, కుర్రాళ్ళ ముందు అసలే వద్దు. ఆయన నాలుకనే సాక్షిగా పెట్టండి. ఒకే ట్యాంకులోంచి తెల్ల ద్రాక్ష రసం తీసి రెండు 25 లీటర్ల సన్నమూతి పెద్ద సీసాల్లో, అంటే కార్బాయ్‌లలో 20 లీటర్ల చొప్పున పోయండి. నురుగుకు పైన ఆ మాత్రం ఖాళీ ఉండాలి. ఒక్కోదానిలో పొటాషియం మెటాబైసల్ఫైట్, అంటే రసాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులను ఆపడానికి వేసేది, సెల్లార్లో అందరూ కేఎంఎస్ అనేది, 1.75 గ్రాములు కలిపి రాత్రంతా చల్లగా ఉంచండి. దాని బరువులో దాదాపు 57 శాతమే సల్ఫర్ డయాక్సైడ్ కాబట్టి లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు పడుతుంది. మరునాడు మొదటి కార్బాయ్‌లో మేస్త్రి అలవాటు ప్రకారం రసాన్ని పులియబెట్టే పొడి ఈస్ట్ 5 గ్రాములు నేరుగా చల్లమనండి. రెండోదానికి అదే 5 గ్రాములను 38 డిగ్రీల నీళ్ళు 50 మిల్లీలీటర్లలో చల్లి, 15 నుంచి 20 నిమిషాలు ఆగి, రసాన్ని కొంచెం కొంచెంగా ఆ గిన్నెలో కలుపుతూ చల్లబరచండి. ఈస్ట్‌కూ కార్బాయ్‌లోని రసానికీ తేడా 10 డిగ్రీల లోపుకు వచ్చాకే పోయాలి. ఎండిన ఈస్ట్ కణం చల్లటి రసంలో నేరుగా పడితే దాని పొర సరిగా కట్టుకోదు, లోపలి సరుకు బయటికి కారిపోయి చాలా కణాలు చస్తాయి. ఇంకేదీ మార్చకండి. పొద్దున, సాయంత్రం హైడ్రోమీటర్ (నీళ్ళతో పోలిస్తే రసం ఎంత చిక్కగా ఉందో చూపే తేలే గాజు గొట్టం) రీడింగ్ రాయండి. చక్కెర అయిపోయి 0.995 దగ్గరికి దిగాక గ్లాసులకు గుర్తులు కనబడకుండా పెట్టి మేస్త్రికి ఇవ్వండి. ఏది బాగుందో ఆయన నోటితోనే చెప్పించాలి. మొదటిది బాగుందంటే ఒప్పుకుని ఇంకోసారి చేయండి. ఇలాంటి మనిషి ఆలస్యంగా మారతాడు గానీ, మారాక వెనక్కి పోడు.

భయస్థుడికి ఈ ప్రయోగం అప్పుడే ఇవ్వకండి. ట్యాంకు చెడితే తన జీతం మీదికి వస్తుందని అతని బెంగ. ముందు ఆ నష్టం అతనిది కాదని అందరి ముందు చెప్పండి. తర్వాత చక్కెర నీళ్ళు ఇవ్వండి: 200 గ్రాముల చక్కెర, 800 గ్రాముల నీళ్ళు కలిపితే 20 బ్రిక్స్, అంటే బరువులో 20 శాతం చక్కెర. 20 డిగ్రీల వేడి దగ్గర హైడ్రోమీటర్ 1.083 చూపాలి. మూడుసార్లు వరసగా సరిగ్గా చదివేదాకా అదే పని. చేయగలనన్న నమ్మకం మెప్పుకోలు మాటలకంటే చేసి గెలిచినప్పుడే గట్టిగా పుడుతుందని మానసిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే రాశాడు.

నిజానికి కనిపెట్టుకుని ఉండాల్సింది ఉత్సాహినే. రసం కుళ్ళిన గుడ్డు వాసన కొట్టిందనుకోండి. అతను డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్, ఈస్ట్‌కు నత్రజని ఇచ్చే ఉప్పు) వేస్తాడు, రసం ఎత్తిపోసి గాలి తగిలిస్తాడు, ఈస్ట్ పోషకం ఇంకోటీ వేస్తాడు. వాసన పోతుంది, ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. అతనికి ఒకే నియమం: రిజిస్టర్లో ముందు రాయాలి, ఆ తర్వాతే మార్చాలి, అదీ ఒక్కటే మార్చాలి. డీఏపీ మోతాదు 20 లీటర్లకు 6 గ్రాములు, చక్కెర మూడో వంతు దిగాక. ఈస్ట్ నానబెట్టిన నీళ్ళలో మాత్రం అది పడకూడదు, ఆ ఉప్పు కణాలను దెబ్బతీస్తుంది.

కల్లు ఇంటినుంచి వచ్చినవాళ్ళ సంగతి వేరు. చెట్టు దిగేసరికే పులిసిన కల్లు చూసినవాళ్ళకు "దానంతటదే అవుతుంది" అన్న నమ్మకం బలంగా ఉంటుంది. దాన్ని కొట్టిపారేయకండి. నీరా పులవకుండా లొట్టికి సున్నం పూస్తారని వాళ్ళకు తెలుసు, కేఎంఎస్ ఎందుకో అక్కడినుంచి చెప్పండి. సున్నం పులుపును విరిచి ఆపుతుంది, కేఎంఎస్ పులుపులోనే బాగా పనిచేస్తుంది. అందుకే పీహెచ్ (పులుపు కొలత, పులుపు తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది) 3.6 దాటిన రసానికి అదే మోతాదు చాలదు. ఇంత చెబితే పీహెచ్ మీటర్ ఎందుకో విడిగా పాఠం అక్కర్లేదు.

ఇవన్నీ జనవరి నుంచి మార్చి దాకా పండు దిగే రోజుల్లో మొదలుపెడితే ఎవరూ వినరు, వినే తీరికా ఉండదు. చక్కెర నీళ్ళ పని వానాకాలంలో ముగించి, కార్బాయ్‌ల పని మొదటి లోడుతో పెట్టుకోండి.

చెప్పింది అర్థమైందా అని అడిగితే అందరూ తల ఊపుతారు. మీరు అడగాల్సింది "పక్కవాడికి తెలుగులో చెప్పి చూపించు" అని. రీడింగ్ ఎక్కువ వస్తోందంటే బుడగలు హైడ్రోమీటర్‌ను పైకి లేపుతున్నాయేమో చూడండి, నమూనాను బాగా గిలకొట్టి గ్యాస్ పోయాకే చదవాలి. రిజిస్టర్లో మరాఠీ అంకెలు, మామూలు అంకెలు కలిపి రాయనివ్వకండి. మరాఠీ ఒకటి మామూలు 9లా ఉంటుంది, రాత్రి షిఫ్ట్‌వాడు 1.5 గ్రాములు అని రాసింది 9.5గా చదివి కేఎంఎస్ వేస్తే ఆ కార్బాయ్‌లో ఈస్ట్ లేవదు.