పడవ మీది టీవీ డిష్ ఉపగ్రహాన్ని పట్టుకునే తీరు

డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు మోసే జీశాట్-15 ఉపగ్రహం భూమధ్యరేఖకు సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంటుంది. విశాఖపట్నం రేవు నుంచి అది దక్షిణానికీ ఆగ్నేయానికీ నడుమ, దిగంతం నుంచి దాదాపు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డాబా మీద డిష్‌ను అటువైపు ఒకసారి బిగిస్తే చాలు. పడవ మీద మాత్రం ఆ గురి క్షణక్షణమూ తప్పుతుంది.

అందుకే గుమ్మటం లాంటి మూత లోపల డిష్‌ను మోటార్లపై అమర్చుతారు. స్విచ్ వేయగానే యంత్రం జీపీఎస్‌తో తన స్థానం తెలుసుకొని, నిలువు కోణం లెక్కగట్టి, చుట్టూ తిరుగుతూ సిగ్నల్‌ను వెతుకుతుంది. దొరికినది పక్క ఉపగ్రహానిది కూడా కావచ్చు కనుక, ప్రసారంలోని నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యను చదివి నిర్ధారించుకుంటుంది. ఫ్రీక్వెన్సీ, సింబల్ రేటు (సిగ్నల్‌లో సమాచారం వచ్చే వేగం), పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) వివరాలు సరిగా నింపకపోతే ఈ వెతుకులాట ఎప్పటికీ తెగదు.

తరవాత అసలు పని మొదలవుతుంది. పడవ ఊగినప్పుడల్లా గైరో సెన్సర్లు ఆ కదలికను పసిగట్టగా, మోటార్లు డిష్‌ను అంతే మేరకు ఎదురు దిశలో తిప్పుతాయి. అయితే గైరోల లెక్కలో చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయి కాబట్టి, డిష్ అటూ ఇటూ రవ్వంత కదిలి, సిగ్నల్ ఎటు పెరుగుతుందో కొలిచి గురి సరిదిద్దుకుంటుంది.

గుమ్మటాన్ని స్తంభం అడ్డురాని చోట, రాడార్ కిరణాల దారికి దూరంగా బిగించండి. దానికి లోహపు రంగు వేయవద్దు. మొదటిసారి పడవ రేవులో నిశ్చలంగా ఉన్నప్పుడే ఆన్ చేయండి.