టాప్ బాగానే ఉంది, మరి నీళ్లెక్కడివి?

న్యూజెర్సీలో వేసవి షికార్ల కోసం 1996 మియాటా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇది గుడ్డ పైకప్పును (టాప్) మడిచి దించుకునే మాజ్దా కారు. టాప్ దించి వెళ్తుంటే ఆ హాయే వేరు! అయితే వాన పడ్డాక సీటు వెనక కార్పెట్ పిండితే నీళ్లు కారేవి. టాప్‌కి ఎక్కడా చిరుగు లేదు. అసలు సంగతి డ్రైన్ రంధ్రాల్లో ఉంది. టాప్ మీద పడ్డ నీరు సీట్ బెల్ట్ స్తంభాల దగ్గరున్న ఆ రంధ్రాల్లోంచి గొట్టాల గుండా దిగి, వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. టార్చి వేసి చూస్తే కుళ్లిన ఆకులు, నల్లటి బురద. ఇనుప తీగ పెడితే గొట్టానికి చిల్లు పడొచ్చు. అందుకే గడ్డి ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగను మెల్లగా ఆడిస్తూ, మగ్గుతో నీళ్లు పోశాను. కాసేపటికి కారు కింద నల్లనీళ్లు బుడబుడమంటూ దిగాయి. ప్రాణం లేచొచ్చింది! ఈ పని మాత్రం వాయిదా వేయకండి. నీళ్లు నిలిస్తే డోర్ కింది రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది, ఆ వెల్డింగ్ ఖర్చు చాలా ఎక్కువ. కార్పెట్ ఎత్తి, ఫ్యాన్ పెట్టి పూర్తిగా ఆరాకే మళ్లీ పరిచాను.